హెచ్‌డీ క్యామ్‌కార్డర్ కొనేముందు తేల్చుకోవలసిన ఫ్రేమ్ రేటు

క్యామ్‌కార్డర్ కొనదలచినవారు సాధారణంగా జూమ్ ఎన్ని రెట్లు, మెగాపిక్సెళ్లు ఎన్ని అన్న ప్రశ్నలతో మొదలుపెడతారు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించేవి అవే. 50ఐ, 25పీ, 50పీ, 24పీ వంటివి వివరాల పట్టికలో చిన్న అక్షరాలతో ఉంటాయి కనుక, అంకె ఎంత పెద్దదైతే అంత మేలని అనుకుని చాలామంది వాటిని దాటేస్తారు. నిజానికి కదలిక తెరమీద ఎలా కనిపిస్తుందో, ట్యూబ్‌లైట్ల కింద తీసిన దృశ్యం మిణుకుమంటుందో లేదో, తరువాత స్లో మోషన్ చేసుకునే వీలుంటుందో లేదో చాలావరకు నిర్ణయించేవి ఆ చిన్న అక్షరాలే. అందుచేత ఏమి తీయబోతున్నారో, దానిని ఏ తెరమీద చూడబోతున్నారో ముందు ఆలోచించి, తగిన ఫ్రేమ్ రేటును నిర్ణయించుకుని, ఆ రేటులో చక్కగా పనిచేసే పరికరాన్ని వెదకడం సరైన వరుస అని నా దృఢాభిప్రాయం.

పట్టికలోని అంకెలను చదవడం

వీడియో అంటే వెంటవెంటనే చూపే నిశ్చల చిత్రాల వరుస. ఒక్కొక్క చిత్రం ఒక ఫ్రేమ్. సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది ఫ్రేమ్ రేటు. ఫుల్ హెచ్‌డీలో ఒక్కొక్క ఫ్రేముకు అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు, అంటే మొత్తం దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. అంకె పక్కన ఉండే అక్షరం ఆ ఫ్రేము ఎలా తయారవుతుందో చెబుతుంది. పీ అంటే ప్రోగ్రెసివ్. 1080 గీతలనూ, అంటే పిక్సెళ్ల అడ్డవరుసలన్నింటినీ, ఒకే విడతలో తీస్తారు. ఐ అంటే ఇంటర్‌లేస్డ్. ఒక విడతలో బేసి గీతలను, తరువాతి విడతలో సరి గీతలను తీసి, రెండింటినీ కలిపి ఒక ఫ్రేముగా లెక్కిస్తారు. ఈ సగం చిత్రాన్ని ఫీల్డ్ అంటారు. కాబట్టి 50ఐలో సెకనుకు 50 ఫీల్డులు ఉన్నప్పటికీ పూర్తి ఫ్రేములు 25 మాత్రమే. దీనినే ఒకచోట 1080/50ఐ అని, మరొకచోట 1080ఐ/25 అని రాస్తారు. అంకెలు వేరుగా ఉన్నా రెండూ ఒకటే కనుక, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు కంగారు పడనక్కరలేదు.

ఇంటర్‌లేస్డ్ పద్ధతి పిక్చర్ ట్యూబ్ టీవీల కాలానిది. ప్రసారానికి పరిమితమైన బ్యాండ్‌విడ్త్ మాత్రమే దొరికే ఆ రోజులలో, సగం సమాచారంతోనే కదలికను నునుపుగా చూపడానికి అది చక్కని ఏర్పాటు. ఇప్పటి ఫ్లాట్ తెరలన్నీ ఒకేసారి పూర్తి ఫ్రేమును చూపేవి కావడం వల్ల, రెండు ఫీల్డులను కలిపే పనిని టీవీయో కంప్యూటరో చేయవలసి వస్తుంది. ఆ పని సరిగా జరగకపోతే ఏమవుతుందో చూడాలంటే, తెరకు అడ్డంగా పరుగెత్తుతున్న పిల్లవాడిని 50ఐలో తీసి, కంప్యూటర్‌లో ఒక్క ఫ్రేము దగ్గర ఆపి చూడండి. వెనుక ఉన్న గోడ స్పష్టంగానే ఉంటుంది. పిల్లవాడి మోచేతి అంచు మాత్రం దువ్వెన పళ్లలా చీలి, ఒక గీత ఇటు, ఒక గీత అటు కనిపిస్తుంది. బేసి గీతలు తీసిన తరువాత సెకనులో 50వ వంతు గడిచాక సరి గీతలు తీశారు; ఆలోపు చేయి జరిగిపోయింది. ఇది క్యామ్‌కార్డర్ లోపం కాదు, ఆ పద్ధతి స్వభావమే అంత.

కొత్తగా కొనేవారు 1080 గీతలతో 50పీ లేదా 60పీ ఇవ్వని పరికరాన్ని ఎంచుకోవడానికి ఇప్పుడు కారణమేమీ లేదు. పాతది తీసుకునేవారు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. సోనీ, పానాసోనిక్ సంస్థలు కలిసి 2006లో ప్రకటించిన ఏవీసీహెచ్‌డీ అనే రికార్డింగు ప్రమాణంలో మొదట 1080 గీతలతో 50పీ, 60పీ లేవు. 2011లో వచ్చిన రెండవ రూపంలోనే వాటిని చేర్చారు. అంతకు ముందరి టేపు ఆధారిత హెచ్‌డీవీ క్యామ్‌కార్డర్లలో ఎక్కువ భాగం అడ్డంగా 1440 పిక్సెళ్లను మాత్రమే నమోదు చేసి, చూపేటప్పుడు 1920కి సాగదీస్తాయి. ఇంకొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. కొన్ని పరికరాలు నిజంగా 25పీలో తీసిన దృశ్యాన్ని కూడా 50ఐ ఫైలులో ఉంచి భద్రపరుస్తాయి. అటువంటి ఫైలులోని 50ఐ గుర్తును చూసి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దానిని ఇంటర్‌లేస్డ్ అని భావించి అనవసరంగా సవరిస్తే స్పష్టత పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలును ప్రోగ్రెసివ్‌గా గుర్తించమని మనమే చెప్పవలసి ఉంటుంది.

ఈ రేట్లు ఎక్కడి నుంచి వచ్చాయి

24 అన్నది సినిమాది. 1920ల చివర శబ్ద చిత్రాలు వచ్చినప్పుడు, ఫిల్ము మీది ధ్వని నిలకడగా వినిపించాలంటే వేగం ఒకటే ఉండాలి కనుక, అప్పుడు స్థిరపడిన రేటు అది. 25, 50 రేట్లు విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్‌గా ఉండే దేశాల టీవీ ప్రమాణాల నుంచి వచ్చాయి. 30, 60 రేట్లు అమెరికా వంటి 60 హెర్ట్జ్ దేశాల నుంచి వచ్చాయి. 1953లో అమెరికాలో రంగుల టీవీ ప్రమాణాన్ని ఆమోదించినప్పుడు, రంగు సంకేతం ధ్వని సంకేతంతో కలిసి తెరమీద చారలు రాకుండా ఉండేందుకు 30ని దాదాపు వెయ్యింట ఒక వంతు తగ్గించి 29.97 చేశారు. పట్టికలలో 59.94, 23.976 అని కనిపించేవి ఆ తగ్గింపు తాలూకు వారసత్వమే. క్యామ్‌కార్డర్ మీద 60పీ అని రాసి ఉన్నా లోపల జరిగేది సాధారణంగా 59.94 మాత్రమే. రోజువారీ వాడకంలో ఈ తేడా పట్టించుకోనక్కరలేదు కాని, 29.97లో తీసిన గంట వీడియోను సాఫ్ట్‌వేర్ కచ్చితంగా 30 అనుకుని ఆడిస్తే, విడిగా రికార్డు చేసిన ధ్వనికీ పెదవుల కదలికకూ మధ్య గంట చివర 3.6 సెకన్ల ఎడం వస్తుంది. ప్రాజెక్టు ఆరంభంలోనే సరైన రేటును ఎంచుకుంటే ఈ చిక్కు రాదు.

దీపాలు, తెరలు, షట్టర్

నా దృష్టిలో అన్నింటికంటే శ్రద్ధగా అర్థం చేసుకోవలసిన భాగం ఇది. వినియోగదారుల సరుకుగా అమ్మే క్యామ్‌కార్డర్లలో చాలావరకు ఏదో ఒక ప్రాంతానికి తయారైనవే. అంటే 50/25 వర్గం రేట్లు గాని, 60/30 వర్గం రేట్లు గాని ఉంటాయి. మెనూలో రెండింటి మధ్య మార్చుకునే వీలు కొన్నింటికే ఉంటుంది. విదేశం నుంచి తెప్పించుకునేవారు ఈ ఒక్క విషయం చూసుకోకపోతే, తరువాత మార్చుకునే దారి ఉండదు.

ఏ వర్గం మంచిదన్న ప్రశ్నకు రెండు వైపుల నుంచి సమాధానం వెదకాలి. మొదటిది దీపాలు. 50 హెర్ట్జ్ సరఫరా మీద వెలిగే ట్యూబ్‌లైటు, చవక రకం ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు ప్రకాశం పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. 60 హెర్ట్జ్ మీద ఇది 120 సార్లు. కంటికి తెలియని ఈ హెచ్చుతగ్గులు క్యామ్‌కార్డర్‌కు తెలుస్తాయి. షట్టర్ తెరుచుకుని ఉండే వ్యవధిలో, అంటే ఒక్కొక్క ఫ్రేముకు కాంతిని లోపలికి రానిచ్చే సేపులో, ఆ హెచ్చుతగ్గులు పూర్తిగా ఒకటో రెండో ఇమిడితే ప్రతి ఫ్రేముకూ సమానమైన కాంతి అందుతుంది. ముక్కగా ఇమిడితే ఒక ఫ్రేము వెలుగుగా, ఇంకొకటి మసకగా వచ్చి దృశ్యం మిణుకుమంటుంది, లేదా అడ్డచారలు మెల్లగా పైకో కిందికో జరుగుతూ కనిపిస్తాయి. అందువల్ల 50 హెర్ట్జ్ దీపాల కింద సెకనులో 1/50 లేదా 1/100 వంతు, 60 హెర్ట్జ్ దీపాల కింద 1/60 లేదా 1/120 షట్టర్ వాడాలి.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటుంది. మిణుకును నిర్ణయించేది ప్రధానంగా షట్టర్ వేగమే, ఫ్రేమ్ రేటు కాదు. జపాన్‌లో తూర్పు భాగానికి 50 హెర్ట్జ్, పశ్చిమ భాగానికి 60 హెర్ట్జ్ సరఫరా ఉన్నా, టీవీ ప్రమాణం దేశమంతటా 60 వర్గానిదే. టోక్యోలో 60 వర్గం క్యామ్‌కార్డర్‌ను ఆ దీపాల కింద వాడేవారు షట్టర్‌ను 1/100కు మార్చుకుంటే సరిపోతుంది. అయితే ఇది చేయాలంటే షట్టర్ వేగాన్ని మనం స్వయంగా నిర్ణయించే వీలు పరికరంలో ఉండాలి. పూర్తిగా ఆటోమేటిక్‌గా నడిచే చౌక క్యామ్‌కార్డర్లలో ఆ వీలు ఉండదు. కొనుగోలులో రాజీపడకూడని అంశాలలో నేను మొదట లెక్కించేది ఇదే.

రెండవ వైపు తెర. సాధారణ కంప్యూటర్ మానిటర్లు, ఎన్నో ఫోన్లు సెకనుకు 60 సార్లు తెరను నవీకరిస్తాయి. 30 ఫ్రేముల వీడియోలో ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండు సార్లు కనిపిస్తుంది కనుక కదలిక సమంగా ఉంటుంది. 25 ఫ్రేముల వీడియోలో కొన్ని ఫ్రేములు రెండు సార్లు, కొన్ని మూడు సార్లు నిలవవలసి వస్తుంది. 50 ఫ్రేముల వీడియోలో ప్రతి ఐదు ఫ్రేములలో ఒకటి రెట్టింపు సేపు నిలుస్తుంది. క్యామ్‌కార్డర్‌ను మెల్లగా పక్కకు తిప్పినప్పుడు ఇది చిన్న కుదుపుగా కనిపిస్తుంది. టీవీలలో ఎక్కువ భాగం 50 వర్గాన్ని దాని వేగంలోనే చూపగలవు కనుక అక్కడ ఈ ఇబ్బంది తక్కువ. కాబట్టి ఎక్కువగా టీవీ మీద చూసే కుటుంబ వీడియోలకు ఆ ప్రాంతపు వర్గాన్నే అనుసరించడం మంచిది. ఇంటర్నెట్‌లో పెట్టడానికే తీసేవారు 50 హెర్ట్జ్ దేశంలో ఉన్నప్పటికీ, పరికరంలో వీలుంటే, 1/50 షట్టర్‌తో 30పీ గాని, 1/100 షట్టర్‌తో 60పీ గాని ఎంచుకోవడం నాకు మేలనిపిస్తుంది. యూట్యూబ్ 24 నుంచి 60 వరకు వాడుకలో ఉన్న రేట్లన్నింటినీ స్వీకరిస్తుంది కనుక అటువైపు నుంచి అడ్డంకి లేదు.

షట్టర్ విషయంలో మరొక పాత నియమం ఉంది. ఫ్రేము వ్యవధిలో సగం సేపు షట్టర్ తెరుచుకుని ఉంటే కదలిక కంటికి సహజంగా తోస్తుంది. 25పీకి 1/50, 50పీకి 1/100. ఎండలో ఆటోమేటిక్‌గా వదిలేస్తే షట్టర్ 1/1000 దాకా వెళ్లి, ఒక్కొక్క ఫ్రేము మరీ స్పష్టంగా వచ్చి, నడిచే మనిషి ముక్కలు ముక్కలుగా కదులుతున్నట్టు కనిపిస్తాడు. దీనికి మందు కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్. లోపలే ఎన్‌డీ ఫిల్టర్ ఉన్న క్యామ్‌కార్డర్ ఈ శ్రేణిలో అరుదు కనుక, లెన్స్ ముందు ఫిల్టర్ బిగించడానికి మరలు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఏ పనికి ఏ రేటు

పిల్లల ఆటలు, నృత్య ప్రదర్శనలు, క్రీడలు తీసేవారికి 50పీ లేదా 60పీ సరైనది. వేగమైన కదలిక తెగకుండా కనిపించడమే కాక, 50పీలో తీసినదాన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద సగం వేగానికి తగ్గించవచ్చు. 60పీని 24 మీద పెడితే 40 శాతం వేగం వస్తుంది. ప్రతి ఫ్రేమూ నిజంగా తీసినదే కనుక స్లో మోషన్ నునుపుగా ఉంటుంది. 25పీలో తీసి తరువాత వేగం తగ్గిస్తే, లేని ఫ్రేములను సాఫ్ట్‌వేర్ ఊహించి పూరించవలసి వస్తుంది. వేళ్లు, చక్రాలు, ఎగిరే జుట్టు దగ్గర ఆ ఊహ తప్పి ఆకారాలు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. 120 ఫ్రేముల మోడ్ ఉందని ప్రకటించే పరికరాలలో ఆ మోడ్‌లో ధ్వని రికార్డు అవుతుందా, పూర్తి 1080 గీతలు ఉంటాయా, ఒకేసారి ఎన్ని సెకన్లు తీయవచ్చు అని మూడూ అడిగి తెలుసుకోవాలి.

ఉపన్యాసాలు, ఇంటర్వ్యూలు, పాఠాలకు 25పీ లేదా 30పీ చాలు. కథా చిత్రాల వంటి ప్రయత్నాలకు 24పీ గాని 25పీ గాని బాగుంటుంది, అయితే ఆ రేట్లలో క్యామ్‌కార్డర్‌ను తిప్పే వేగం మీద అదుపు అవసరం. దృశ్యంలోని ఒక వస్తువు తెర ఒక అంచు నుంచి రెండవ అంచుకు చేరడానికి 7 సెకన్లైనా పట్టేలా తిప్పాలన్నది ఛాయాగ్రాహకులు పాటించే లెక్క. అంతకంటే వేగంగా తిప్పితే స్తంభాలు, తలుపు చట్రాల వంటి నిలువు అంచులు అదురుతాయి.

ఎటూ తేల్చుకోలేనివారు 50పీలోనో 60పీలోనో తీయడం మంచిది. 50పీ నుంచి ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేము తీసుకుంటే 25పీ, 60పీ నుంచి అదే విధంగా 30పీ తేలికగా వస్తాయి. 60పీ నుంచి 24పీ మాత్రం సమంగా రాదు, కాబట్టి 24 కావాలనుకునేవారు తీసేటప్పుడే 24లో తీయాలి. ఒకే కార్యక్రమాన్ని రెండు పరికరాలతో తీస్తుంటే రెండింటిలోనూ ఒకే రేటు పెట్టండి. ఫోన్‌ను రెండవ కెమెరాగా వాడేవారు గమనించవలసినది ఏమిటంటే, చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటును కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోతాయి. ఎడిటింగ్‌లో ధ్వని జరగడానికి తరచు అదే మూలం. ముందుగా ఆ ఫైలును స్థిరమైన రేటుకు మార్చుకుంటే ఇబ్బంది ఉండదు.

పరికరం

ఫ్రేమ్ రేటు పెరిగేకొద్దీ వెలుతురు అవసరం పెరుగుతుంది. 25పీలో 1/50 వాడేచోట 50పీలో 1/100 వాడితే సెన్సర్‌కు అందే కాంతి సగమవుతుంది. ఆ లోటును పూడ్చడానికి పరికరం గెయిన్‌ను, అంటే సెన్సర్ సంకేతపు బలాన్ని, పెంచుతుంది, నీడలలో రంగు చుక్కలు ముసురుతాయి. అందుకే 50పీ వాడదలచినవారికి సెన్సర్ పరిమాణం మరింత ముఖ్యం. ఈ శ్రేణిలో సెన్సర్లు చిన్నవి, 1/5.8 అంగుళాల రకం నుంచి 1/2.5 అంగుళాల రకం వరకు, ఖరీదైనవాటిలో 1 అంగుళం రకం వరకు ఉంటాయి. ఒక అంగుళం రకమంటే అంగుళం కొలత కాదు. దాని నిజమైన పరిమాణం 13.2 మిల్లీమీటర్లకు 8.8 మిల్లీమీటర్లు. భిన్నంలో కింది అంకె చిన్నదైతే సెన్సర్ పెద్దదని గుర్తుంచుకుంటే చాలు.

డిజిటల్ జూమ్ అంకెను పూర్తిగా విస్మరించండి. అది ఉన్న చిత్రాన్ని కత్తిరించి పెద్దది చేయడమే. ఆప్టికల్ జూమ్ ఎంత ఉందో చూడండి. దానికంటే ముందు, జూమ్ లేనప్పుడు లెన్స్ ఎంత వెడల్పుగా చూడగలదో చూడండి, ఎందుకంటే చిన్న గదిలో వెనక్కి జరగడానికి చోటు ఉండదు. చేతితో పట్టుకుని తీసేవారికి లెన్స్‌లోని భాగాలు కదిలి వణుకును సరిచేసే ఆప్టికల్ స్టెబిలైజేషన్ అవసరం. ట్రైపాడ్ మీద పెట్టి తిప్పేటప్పుడు దానిని ఆపేయాలి, లేకపోతే మీరు తిప్పడాన్నే వణుకుగా భావించి మొదట పట్టి ఉంచి తరువాత వదులుతుంది. మైక్ ఇన్‌పుట్, హెడ్‌ఫోన్ రంధ్రం రెండూ ఉన్నదే తీసుకోండి. 4కె అని రాసి ఉన్న పేరు తెలియని చౌక పరికరాలలో కొన్ని, తక్కువ పిక్సెళ్లున్న సెన్సర్ చిత్రాన్ని సాగదీసి ఆ పేరుతో అమ్ముతున్నవే; వాటికంటే నిజాయితీగా 1080 ఇచ్చేది ఎంతో మేలు.

ఫోనో స్టిల్ కెమెరానో ఉండగా క్యామ్‌కార్డర్ ఎందుకన్న ప్రశ్నకు బలమైన సమాధానం నిడివి. ఐరోపాలో వీడియో కెమెరాలపై వేరే సుంకం ఉండేది, అర్ధగంట ఏకబిగిన తీయగలవాటిని ఆ వర్గంలో లెక్కించేవారు. అందుకని అనేక స్టిల్ కెమెరాలను 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆగిపోయేలా తయారు చేసేవారు. క్యామ్‌కార్డర్‌కు అటువంటి హద్దు లేదు, కార్డు నిండేవరకో బ్యాటరీ అయిపోయేవరకో సాగుతుంది. కార్డు ఎంత కావాలో బిట్ రేటును, అంటే సెకనుకు నమోదయ్యే సమాచారాన్ని, బట్టి లెక్క వేయవచ్చు. ఏవీసీహెచ్‌డీ 50పీ గరిష్ఠంగా సెకనుకు 28 మెగాబిట్లు. 8తో భాగిస్తే 3.5 మెగాబైట్లు, గంటకు 12.6 గిగాబైట్లు. 50 మెగాబిట్లైతే గంటకు 22.5, 4కెలో 100 మెగాబిట్లైతే 45 గిగాబైట్లు. మొదటి రెండింటికి క్లాస్ 10 కార్డు సరిపోతుంది, మూడవదానికి యూ3 లేదా వీ30 గుర్తు ఉన్నది తీసుకోవాలి.

పరికరాన్ని చేతిలోకి తీసుకుని చూసే అవకాశం ఉంటే ఇలా పరీక్షించండి. 50పీ, 1/100 పెట్టి, వరుసగా ఉన్న అరల ముందు క్యామ్‌కార్డర్‌ను ఒక చివర నుంచి మరొక చివరకు నిదానంగా తిప్పండి. అదే కదలికను 25పీ, 1/50తో మళ్లీ తీయండి. రెండింటినీ వెంటవెంటనే చూస్తే, అరల అంచులు మొదటిదానిలో జారుతున్నట్టు, రెండవదానిలో అడుగులు వేస్తున్నట్టు కనిపిస్తాయి. మీకు ఏది కావాలో అప్పుడు మీ కళ్లే చెబుతాయి. తరువాత జూమ్‌ను చివరిదాకా తీసుకెళ్లి, చేతితోనే పట్టుకుని, దూరాన ఉన్న అక్షరాల మీద కాసేపు నిలపండి. చీకటి మూల వైపు తిప్పి ఆటోఫోకస్ ఎంతసేపు తడబడుతుందో చూడండి. చివరిగా హెడ్‌ఫోన్ పెట్టుకుని జూమ్ నొక్కండి. మోటారు శబ్దం మైక్‌లోకి వస్తోందేమో వినండి.

కొన్న తరువాత, రికార్డు చేసినవాటిని కంప్యూటర్‌లోకి తీసుకునే పద్ధతిని మొదటి నుంచే అలవాటు చేసుకోవాలి. ఏవీసీహెచ్‌డీలో పొడవైన రికార్డింగు కార్డు మీద కొన్ని గిగాబైట్ల ముక్కలుగా విడిపోయి ఉంటుంది. ఆ ముక్కల వరుసను తెలిపే సమాచారం పక్కనున్న ఫోల్డర్లలో ఉంటుంది. వీడియో ఫైళ్లను మాత్రమే ఏరి కాపీ చేస్తే అతుకుల దగ్గర ధ్వని క్షణం పాటు తెగవచ్చు. కాబట్టి కార్డులోని ఫోల్డర్లన్నింటినీ ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేసి, తేదీ, ఫ్రేమ్ రేటు కలిపి ఆ ఫోల్డర్‌కు పేరు పెట్టి, కాపీ సరిగా తెరుచుకుంటోందని చూసుకున్నాకే కార్డును క్యామ్‌కార్డర్‌లో పెట్టి ఫార్మాట్ చేయండి.